చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

ఫొటో స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న ఎవరికైనా మొదట వచ్చే సందేహం ఇదే. ముఖం సంగతి సరే, చేతులేం చెయ్యాలి? ఒళ్ళో పెట్టుకోమంటాం, కుర్చీ మీద ఆనించమంటాం, కొత్త పెళ్ళికొడుకైతే వాచీ కనపడేలా మడత పెట్టమంటాం. "రెడీ, స్మైల్" అనేలోపు ఎలాగో సర్దుకుపోతారు. ఇంత చిన్న విషయం నా చేత అన్నేళ్ళు కసరత్తు చేయిస్తుందని స్టూడియో తెరిచిన కొత్తలో ఎవరైనా చెప్పుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా టౌను దాటి రైలు గేటు అవతల ఒక కాలనీ ఉంది. ఇప్పుడు దానికి సిమెంటు రోడ్డు, పేరు రాసిన ఆర్చీ ఉన్నాయి. అప్పట్లో జనం నోట్లో మాత్రం అది 'పెద్దరోగం వాళ్ళ పేట'. పెద్దరోగమంటే కుష్ఠు. పక్కనున్న ఆసుపత్రికి వైద్యానికని వచ్చి, జబ్బు నయమయ్యాక సొంత ఊరు రానివ్వక, అక్కడే పాకలు వేసుకుని ఉండిపోయినవాళ్ళు. వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, గుడి కట్టుకున్నారు, చర్చీ కట్టుకున్నారు. ఒక ప్రెసిడెంటుని కూడా ఎన్నుకున్నారు. ఆయన్ని కాలనీలో చిన్నాపెద్దా అందరూ 'ప్రెసిడెంటు గారు' అనే పిలిచేవారు. గేటు ఇవతలకొస్తే ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా లేరు.

శేషన్ గారి పుణ్యమా అని నేను అక్కడికి వెళ్ళాను. 1993లో ఆయన ఎన్నికల సంఘానికి పెద్దగా ఉన్నప్పుడు ఓటరుకు ఫొటో కార్డు ఉండి తీరాలన్నారు. ఆ తర్వాత మా వైపు కూడా ఊరూరా తిరిగి ఫొటోలు తీసే పని వచ్చింది. కాంట్రాక్టు పట్టినాయన మనుషులెవరూ ఆ గేటు దాటబోమన్నారు. నాకప్పుడు సీజను లేదు, స్టూడియో అద్దె బాకీ ఉంది. నేను వెళ్తానన్నాను. అంతకు మించి అందులో గొప్పేమీ లేదు.

వేపచెట్టు కొమ్మకు తెర కట్టి, ఒక్కొక్కర్నే కూర్చోబెట్టి, పొద్దుగూకేదాకా తీశాను. కార్డు ఫొటో కాబట్టి భుజాల దాకానే. చేతుల గొడవే లేదు. అయినా వచ్చిన ప్రతివాళ్ళూ చేతులు పైటలోనో, తువ్వాలు కిందో దాచుకునే కూర్చున్నారు. సామాను సర్దుకుంటుంటే ఒకామె వచ్చి, "ఇవి గవర్నమెంటోళ్ళకి కదా బాబూ. మాకు?" అంది.

"మీకేంటమ్మా?"

"మాకూ ఒక ఫొటో. నిలబడి. కలర్లో."

అక్కడ మొదలైంది. తర్వాత్తర్వాత వారంలో ఒక పూట వాళ్ళకని కేటాయించుకున్నాను. స్టూడియోకే రమ్మంటే రారు. రిక్షా ఎక్కించుకోరు, బస్సులో పక్క సీటు ఖాళీ అవుతుంది. నేనే యాషికా పెట్టె, ఫ్లాషు, మడత తెర స్కూటరుకు కట్టుకుని పోయేవాణ్ణి. ఇంటికొస్తే మా అమ్మ గడప బయటే నిలబెట్టి బిందెడు నీళ్ళు కుమ్మరించేది. ఆవిణ్ణి తప్పుపట్టను, ఆ తరానికి తెలిసింది అంతే. చివరికి ఆసుపత్రి డాక్టరు గారే మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, మెల్లగా చెప్పారు. ఈ క్రిమిని హాన్సెన్ అనే నార్వే వైద్యుడు 1873లోనే కనిపెట్టాడనీ, నూటికి తొంభై అయిదుగురికి ఒంట్లోనే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుందనీ, మందు మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే అంటించే గుణం పోతుందనీ. అమ్మ అన్నీ వింది. బిందె మానేసింది. చెంబుకి దిగింది.

ఇప్పుడు ఫొటోల సంగతి. వాళ్ళకి కావలసిన ఫొటో ఎలాంటిదో అర్థం కావడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. పత్రికల్లో గొప్ప ఫొటోగ్రాఫర్ల బొమ్మలు చూసి మురిసిపోయే వయసు నాది. ఊటీ ఫిలిం ఫ్యాక్టరీ వాళ్ళ 'ఇందు' అనే బ్లాక్ అండ్ వైట్ రోలు వేసుకుని, పక్కనుంచి ఎండ పడుతుంటే ముడతలు, గీతలు, నీడలు తియ్యాలని నా ఉబలాటం. వాళ్ళకేమో ముఖం మీద నీడే పడకూడదు. ఎదురుగా ఫ్లాషు, వెనక నీలం తెర, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. అంటే ఊళ్ళో అందరి ఇళ్ళల్లో ఉండే ఫొటో. అది తమ ఇంట్లోనూ ఉండాలి. నా ఇందు రోలు ప్రింట్లు చూసి ప్రెసిడెంటు గారు, "బాగున్నాయి బాబూ. ఇవి మీరుంచుకోండి. మాకు మంచివి తియ్యండి" అన్నారు. అంతకన్నా సూటి విమర్శ నాకు మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

ఆ 'మంచి' ఫొటో తియ్యడంలో ఉన్న పనితనం మరే పెళ్ళిలోనూ లేదు. ముందు కనుబొమలు. ఈ జబ్బు ముదిరిన వాళ్ళల్లో కనుబొమల వెంట్రుకలు రాలిపోతాయి, నయమైనా చాలామందికి మళ్ళీ రావు. స్టూడియో పద్ధతి ప్రకారం నెగిటివ్ మీద పెన్సిలు టచింగ్ చెయ్యొచ్చు. కానీ కలర్ నెగిటివ్ మీద అంత సన్నపని కుదరదు. ఒకరోజు ఒకామె కాటుక భరిణె తెచ్చి నా ముందు పెట్టింది. వేళ్ళు ముడుచుకుపోయాయి కాబట్టి తనంతట తను దిద్దుకోలేదు. నేను టచింగ్ కుంచె తీసి, కాటుకలో ముంచి, ఒక్కొక్క వెంట్రుక గీసినట్టు దిద్దాను. ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది. అద్దం చూసుకుని, "మా అమ్మ పోలిక వచ్చింది" అని ఇంకేం మాట్లాడలేదు. అది మొదలు కాలనీకి వెళ్ళేటప్పుడు సన్న కుంచె, కాటుక నా కెమెరా సంచిలో శాశ్వతంగా చేరాయి. నిజానికి కెమెరా కన్నా ముందు అవే బయటికొచ్చేవి.

తర్వాత రంగు. మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ అనే వైద్యం ఎనభైల్లో మన దేశానికి వచ్చింది. అందులో క్లోఫాజిమిన్ అనే గోలీ వాడితే చర్మం కమిలినట్టు ఎర్రగా, తర్వాత నల్లగా మారుతుంది. మందు ఆపిన చాన్నాళ్ళకి గానీ విరిగిపోదు. అది భరించలేక మందు మానేసినవాళ్ళున్నారని డాక్టరు గారు వాపోయేవారు. "ఫొటోలోనన్నా నా రంగు నాకివ్వు బాబూ" అని అడిగేవాళ్ళు. లాబ్ అబ్బాయిని బతిమాలి, ప్రింటులో ఎరుపు కొంచెం లాగించి, ఒక్క స్టాపు తేలిక చేయించేవాణ్ణి. పెళ్ళికూతుళ్ళను తెల్లగా చెయ్యమంటే నాకు చిరాకు. ఇక్కడ మాత్రం చిరాకు పడలేదు. పోయిన రంగునే కదా అడిగారు.

కళ్ళ గురించి కూడా చెప్పాలి. గ్రూపు ఫొటోలో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారని ఏ ఫొటోగ్రాఫరైనా రెండు మూడు ఎక్స్‌ట్రా కొడతాడు. కాలనీలో కొందరికి ఆ బెడదే లేదు. రెప్పల నరం దెబ్బతిని కన్ను మూతపడదు. ఫ్లాషు పడ్డా చెక్కుచెదరరు. మొదట్లో నాకు ఫిలిం ఆదా అయిందనిపించింది. రెప్ప పడక కంటిపాప ఎండిపోయి, పుండై, చూపు పోతుందని తర్వాత తెలిసింది. అందుకే వాళ్ళు నల్ల కళ్ళద్దాలు పెట్టుకునేది. ఊళ్ళోవాళ్ళు మాత్రం "వీడికి స్టైలొకటి" అనుకునేవారు.

ఒక సాయంత్రం కమ్యూనిటీ హాల్లో హాలోజన్ లైటు పెట్టి తీస్తున్నాను. బెంచీ మీద పెద్దాయనకి వెలుతురు కళ్ళల్లో కొట్టిందేమో, చెయ్యి చాపి లైటు రేకును పక్కకు తిప్పాడు. తిప్పి, దాని మీదే చెయ్యి ఆనించి, నా వైపు నవ్వుతూ నిలబడ్డాడు. నేను ఫోకస్ చేసుకుంటున్నాను. వాసన వచ్చింది. ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. ఒక్క అంగలో వెళ్ళి చెయ్యి లాగేసరికి అరచేయి తోలు ఊడొచ్చింది. "ఏమైంది బాబూ?" అని ఆయన నన్నడిగాడు. నరాల్లో స్పర్శ పోవడమంటే ఏంటో పుస్తకం చదివితే నాకు అంత తెలిసేది కాదు. వేళ్ళు జబ్బు వల్ల రాలిపోతాయని జనం అనుకుంటారు. నిజానికి నొప్పి తెలియక, కాలినా కోసుకున్నా పట్టించుకోక, పుండ్లు పడి, ఎముక అరిగి వేళ్ళు పొట్టివవుతాయి. ఆ రోజు తర్వాత కాలనీలోకి వేడి లైటు తీసుకెళ్ళలేదు. చెట్టు నీడ, లేకపోతే ఫ్లాషు.

కాళ్ళ దగ్గరా ఇదే తంటా. రాయి గుచ్చుకున్నా తెలీదు కాబట్టి ఆసుపత్రివాళ్ళు మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అట్టతో చెప్పులు కుట్టిచ్చేవారు. నల్లటి, మందపాటి పట్టీల చెప్పులు. కాళ్ళని కాపాడేవి అవే, మనిషిని పట్టిచ్చేవీ అవే. బజార్లో ముఖం చూడకుండా చెప్పులు చూసి తప్పుకునేవారు. అందుకని ఫుల్‌సైజు ఫొటో అనగానే ముందు చెప్పులు విప్పేసేవారు, ఇసకలో ఉత్త కాళ్ళతో నిలబడేవారు. నేను గోనెపట్టా పరిచి, రాళ్ళు ఏరి, అప్పుడు నిలబెట్టేవాణ్ణి.

ఇక చేతులు. పూలదండ ఒకటి అడ్డంగా పట్టించడం, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టి వాడి నడుం చుట్టూ చేతులు పోనివ్వడం, భార్యాభర్తలైతే ఒకరి వెనక ఒకరు చెయ్యి వేసుకోవడం, శాలువా, పుస్తకం, గొడుగు. ఇన్ని రకాలు కనిపెట్టాం. 'కనిపెట్టాం' అంటున్నాను, ఎందుకంటే సగం ఐడియాలు వాళ్ళవే.

ఆ చేతుల కోసమే బయటినుంచి వచ్చేవాళ్ళు వచ్చేవారు. జనవరి 30, గాంధీ గారు పోయిన రోజు, మన దేశంలో కుష్ఠు వ్యతిరేక దినం. ఆ పూట ఆఫీసర్లు, క్లబ్బులవాళ్ళు, పత్రికలవాళ్ళు జీపుల్లో దిగేవారు. దుప్పటి అందుకుంటున్న చెయ్యి, పండు అందుకుంటున్న చెయ్యి. కెమెరా ముఖం మీద ఆగేదే కాదు. మర్నాడు పేపర్లో వేళ్ళు లేని చెయ్యి ఒకటీ, ఇచ్చేవాళ్ళ నవ్వు ముఖాలు పదీ. ఆసుపత్రి వరండాలో మాత్రం ఒక ఫొటో ఉండేది. సేవాగ్రామంలో గాంధీ గారు వంగి, పర్చురే శాస్త్రి అనే రోగికి స్వయంగా మర్దనా చేస్తున్నది. అందులో ఇద్దరూ కెమెరాను పట్టించుకోలేదు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఆ దినం పేరు చెప్పుకుని వచ్చేవాళ్ళు ఆ ఫొటో ముందునుంచే నడిచి వెళ్ళి తమ ఫొటోలు దిగేవారు. ఏం చెప్తాం.

జపాన్‌లో మినమాతాలో పాదరసం విషమెక్కిన అమ్మాయికి తల్లి స్నానం చేయిస్తున్న ఫొటో, యూజీన్ స్మిత్ 1971లో తీసింది, నేను ఒక పాత పత్రికలో చూసి కత్తిరించి స్టూడియోలో అంటించుకున్నాను. ప్రపంచాన్ని కదిలించిన ఫొటో. ఆ అమ్మాయి 1977లో పోయింది. ఆ తర్వాత కూడా బొమ్మ ఊరేగుతూనే ఉంటే తల్లిదండ్రులకి తట్టుకోవడం కష్టమైంది. 1998లో స్మిత్ మాజీ భార్య అయిలీన్, ఇక దాన్ని ఎక్కడా అచ్చుకివ్వనని నిర్ణయించుకుంది. ఆ సంగతి చదివిన రోజున నా గోడ మీది కాగితం నేనూ తీసి లోపల పెట్టాను. ఆ ఫొటో తియ్యకుండా ఉండాల్సిందని నేను అనను. తీసినవాడు అక్కడే మూడేళ్ళు కాపురం ఉన్నాడు. కానీ ఎప్పుడు చాలించాలో చెప్పే హక్కు ఫొటోలో ఉన్నవాళ్ళదే అని మా ప్రెసిడెంటు గారికి ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఈ రాతకి ఒక్క ఫొటో కూడా జత చెయ్యకపోవడానికి కారణం అదే.

కాలనీలో కుట్టుమిషను నడిపే అత్త ఒకామె ఉండేది. నేను అత్తా అనే పిలిచేవాణ్ణి. మూడేళ్ళ పిల్లని వదిలి వచ్చింది. వచ్చింది అనకూడదు, తెచ్చి వదిలేశారు. భర్తకు కోర్టు మెట్లెక్కాల్సిన పని కూడా పడలేదు. ఎక్కినా చట్టం ఆయన వైపే. కుష్ఠు ఉంటే విడాకులివ్వొచ్చన్న ముక్కను మన చట్టాల్లోంచి తీసేసింది 2019లో. తల్లి పోయిందని చెప్పి ఆ పిల్లని అమ్మమ్మ పెంచింది. పెళ్ళి కుదిరిందని అత్త తమ్ముడు చీకటి పడ్డాక వచ్చి చెప్పి, రావద్దని కూడా చెప్పి వెళ్ళాడు. మర్నాడు అత్త నాకు కబురు పెట్టింది.

"కలిగినింటి ఆడదానిలా తియ్యాలి" అంది. ఎవరిదో పట్టుచీర అరువు తెచ్చింది. కనుబొమలు దిద్దాను. చేతులు కొంగు కింద. ప్రింటు వెనక రాయమంది: 'చిరంజీవికి, భిలాయి పిన్ని ఆశీస్సులు'. నా చేత్తో రాశాను. భిలాయిలో ఆవిడకి ఎవరూ లేరు. మా జిల్లానుంచి చాలామంది ఉక్కు ఫ్యాక్టరీ పనికి అక్కడికి వెళ్ళారు కాబట్టి నమ్ముతారని ఆవిడ లెక్క. కొన్ని నెలలకి నా స్టూడియో అడ్రసుకి కవరొచ్చింది, పీటల మీద పెళ్ళికూతురు. అత్త దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని నేను తల తిప్పుకున్నాను. "ఎవడు తీశాడో గానీ ముక్కు మీద షైను కొట్టేసింది. నువ్వైతే పౌడరద్దేవాడివి" అంది.

ఇలా ఫొటోలవాడిగా వెళ్ళినవాణ్ణి అన్నింట్లోనూ దూరిపోయాను. బ్యాంకు ఖాతాకు పరిచయ సంతకం, స్కూల్లో చేర్చేటప్పుడు గార్డియను, మందుల షాపుకి చీటీ. నా కస్టమర్లలో కొందరు తగ్గారు, దాచడమెందుకు. పిల్లల ఫొటోలు నా దగ్గర తీయించడం మానేసిన ఇళ్ళున్నాయి. కొత్త స్టూడియోలు కూడా వచ్చాయి కాబట్టి ఎంత ఇందువల్ల, ఎంత అందువల్ల అన్నది చెప్పలేను.

పెద్దాయన, ఆ చెయ్యి కాల్చుకున్నాయన, బతికుండగానే తన దండేసే ఫొటోకి ఆర్డరిచ్చాడు. పన్నెండు పదహారు సైజు, ఫ్రేము బంగారు రంగు. "పోయాక మీరు ఏదో పాస్‌పోర్టు ఫొటో పెద్దది చేసి మసగ్గా తెస్తారు. నాకు తెలుసు" అన్నాడు. రెండుసార్లు వెనక్కి పంపి మూడోసారి ఒప్పుకున్నాడు. ఫ్రేము గోడకి తగిలించుకుని, చాలా ఏళ్ళు దాని కిందే మంచం వేసుకుని పడుకున్నాడు. వచ్చినవాళ్ళకల్లా "ఫొటో రెడీ, నేనే లేటు" అనేవాడు.

2005 డిసెంబరు నాటికి పదివేల మందిలో ఒక్కరికంటే తక్కువకు కేసులు దిగాయని, కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని దేశం ప్రకటించుకుంది. మంచిదే. కాలనీలో దాన్ని ఎవరూ పండగ చేసుకోలేదు. లెక్కల్లోంచి పోయారు గానీ రైలు గేటు ఇవతలకి రాలేదు. 1898 నాటి బ్రిటిషువాళ్ళ కుష్ఠు రోగుల చట్టం మన పుస్తకాల్లోంచి పూర్తిగా పోవడానికి 2016 దాకా పట్టింది.

ఇంతలో ఆధార్ వచ్చింది. పింఛనుకి అది కావాలి, దానికి వేలిముద్రలు కావాలి. వేళ్ళు లేనివాళ్ళ సంగతేంటి? దానికీ రూలుంది. ముద్ర పడని వాళ్ళకి మినహాయింపు ఫొటో అని ఒకటి తియ్యాలి. ముఖంతో పాటు రెండు చేతులూ కనపడాలి. ఈ మాట విన్నప్పుడు నేను ప్రెసిడెంటు గారి అరుగు మీదున్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. "ఇన్నాళ్ళూ మనిద్దరం పడ్డ కష్టమంతా ఏట్లో కలిసింది బాబూ" అన్నారు.

క్యాంపు పెట్టిన కుర్రాడు మంచివాడే. వెబ్‌క్యామ్ ముందు కూర్చోబెట్టి, "చేతులు పైకెత్తండి" అన్నాడు. తెల్లచొక్కా వేసుకుని, క్షవరం చేయించుకుని వచ్చిన ముసలాళ్ళు పోలీసులకి లొంగిపోతున్నట్టు రెండు చేతులూ చెవుల దాకా ఎత్తి కూర్చున్నారు. చూళ్ళేకపోయాను. "గుండెల మీద పక్కపక్కన ఆనించుకోనీ నాయనా, అలాగైనా కనపడతాయి కదా" అన్నాను. వాడు ఒకటి తీసి, తెర మీద చూసుకుని, సరిపోతుందన్నాడు. అప్పటినుంచి నేను కుర్చీ పక్కన నిలబడి ఒక్కొక్కరి చేతులూ సర్దాను. ఎడమది కిందకి, కుడిది దాని పక్కకి, గడ్డం కొంచెం పైకి. అత్త వంతొచ్చింది. నా చెయ్యి పక్కకు నెట్టేసింది. "నాకు తెలుసులే" అని, రెండు చేతులూ ముందుకు చాపి, మిషను మీద గుడ్డ తోసేటప్పుడు ఎలా పెడుతుందో అలా టేబులు మీద పెట్టింది. బొటనవేలికీ మిగిలిన మొదళ్ళకీ మధ్య గుడ్డ పట్టుకునే చోట చర్మం మొద్దుబారి మెరుస్తోంది. అన్నేళ్ళు ఫొటోలు తీసిన నేను దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కనుబొమలు మాత్రం ఆ రోజు కూడా దిద్దించుకుంది.

ఇప్పుడు కాలనీ పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లే. నాతో పనేముంది? ప్రెసిడెంటు గారి మనవడు ఒకడు ఇంజనీరింగు చదివాడు. పోయిన నెల వచ్చి నెగిటివ్‌లన్నీ స్కాన్ చేద్దాం తాతా అన్నాడు. ఏ కవరు ఎవరిదో వెనక పెన్సిల్‌తో రాసుంది గానీ కొన్ని చెరిగిపోయాయి. ఇందు రోళ్ళు కూడా అడిగాడు, మీ తాతగారికి అవి నచ్చలేదని చెప్పాను. "నాకు నచ్చొచ్చుగా" అన్నాడు. ఎవరివి ఇవ్వాలో, ఎవరివి వద్దో కాలనీలో అడిగి ఒక జాబితా రాసుకురమ్మన్నాను. చాలామంది లేరు కాబట్టి వాళ్ళ పిల్లల్ని అడగమన్నాను. ఇంకా తీసుకురాలేదు.